ఎర్ర ఇసుక, నీలి ఇసుక

ఆమెకు తల్లిదండ్రులు పెట్టిన పేరు రేవులో ఎవరికీ గుర్తులేదు. పొద్దున్నే చేపల పడవలు ఏటి మొగ దాటి వెళ్లేవి. మొగ అంటే ఏరు సముద్రంలో కలిసే ఇరుకు దారి. అక్కడికి రాగానే పడవ నడిపే ప్రతి సరంగూ ఆమె కూర్చున్న చిన్న పడవ వైపు తిరిగి "లోతెంతక్కా?" అని కేకేసేవాడు. ఆమె చెప్పేది. ఏళ్ల తరబడి గాలిలో అరిచీ అరిచీ ఆ మాట అరిగిపోయి చివరికి "లోతక్క" మిగిలింది. కట్టుకున్న మొగుడు కూడా చుట్టాల ముందు అలాగే పిలిచేవాడు.

ఆమె పని చూడటానికి తేలిక. ముళ్లు వేసిన తాడు చివర సీసపు గుండు ఉంటుంది. దాన్ని నీళ్లలోకి వదిలి, గుండు నేలను తాకినప్పుడు తాడు మీద ఎన్నో ముడి చేతిలో ఉందో చూసి లోతు చెప్పాలి. గుండు అడుగున ఒక చిన్న గుంట, అందులో గ్రీజు. పైకి లాగినప్పుడు నేల మీద ఏముంటే అది ఆ గ్రీజుకు అంటుకుని వస్తుంది. ఇసుకైతే ఇసుక, బురదైతే బురద, గవ్వ ముక్కలైతే గవ్వ ముక్కలు. రేవు ఆఫీసువాళ్లు లోతు చెప్పే యంత్రం ఒకటి కొన్నారు గానీ, వరదనీరు వచ్చినప్పుడు అది నీళ్ల అడుగున తేలాడే పలచటి బురదను చూసి అదే నేల అనుకునేది. అందుకని యంత్రంతో పాటు లోతక్కనూ ఉంచుకున్నారు.

తండ్రి చేసిన పనే ఆమెకు వచ్చింది. తండ్రికి ఒక కూతురు, ఒక కొడుకు. కొడుకు చేపల పడవ ఎక్కాడు, కూతురు గుండు పట్టింది. ఇద్దరికీ చిన్నప్పటి నుంచీ పడేది కాదు, అలాగని ఒకరిని విడిచి ఒకరు ఉండేవారూ కాదు. ఈత రాదని తమ్ముడు వెక్కిరించాడని, ఆ వేసవంతా రేవు మెట్ల దగ్గర నీళ్లు మింగీ మింగీ ఈత నేర్చుకుని, ఆ తర్వాత వాడి కన్నా దూరం ఈది వచ్చి, ఒక్క మాట కూడా అనకుండా ఇంటికి నడిచిపోయిన పిల్ల ఆమె. పట్టిన పట్టు విడవని మనిషని చెప్పడానికి అదొక్కటి చాలు.

ఆమె భర్త బట్టలకు రంగులు అద్దేవాడు. ఇంటి వెనక రేకుల షెడ్డులో రాగి కాగులు, ఆరబెట్టే తీగలు. ఆయన చేతులు ఏ రోజూ మనిషి రంగులో ఉండేవి కావు. ఈ రోజు మోచేతుల దాకా పసుపు, రేపు ఊదా. అత్తగారు కోడలితో మాట్లాడేటప్పుడు గొంతు తగ్గించదు, ఎందుకంటే ఆవిడకే సరిగ్గా వినపడదు. "నా కొడుకు బట్టలకి రంగేస్తాడు, నా కోడలు బురదకి లెక్కేస్తుంది. ఈ ఇంట్లో నేనొక్కదాన్నే పనికొచ్చే పని చేస్తున్నా," అనేది, కూరగాయలు తరుగుతూ.

ఇలా సాగిపోతున్న బతుకులో ఒక సాయంత్రం తమ్ముడి పడవ మొగ దగ్గర విరిగింది.

వేట బాగా పడిన రోజు అది. పడవ బరువుగా వస్తోంది. మధ్యాహ్నం నుంచీ గాలి తిరిగి అలలు పెద్దవయ్యాయి. ఒక అల పడవను ఎత్తి మొగ మధ్యలో దించింది. అక్కడ నీళ్లుండాల్సిన చోట ఇసుక దిబ్బ ఉంది. పడవ అడుగు దానికి కొట్టుకుని పక్కకు ఒరిగింది. రెండో అల దాన్ని చీల్చేసింది. మిగతావాళ్లు దూకి ఈదుకొచ్చారు. తమ్ముడి కాలు ఇంజనుకీ పడవ చెక్కకీ మధ్య ఇరుక్కుంది. గట్టు మీద నిలబడి ఇదంతా చూసిన లోతక్క ఎప్పుడు తాడు విప్పిందో, ఎప్పుడు తన చిన్న పడవను అలల్లోకి తోసిందో ఆమెకే తెలియదు. ఇంకో ఇద్దరి సాయంతో వాడిని లాగి తెచ్చింది.

ఆసుపత్రిలో ఎముక అతికించారు. కాలు నిలిచింది గానీ మోకాలు ఇక వంగదన్నారు. ఊగే పడవ మీద కాళ్లు పాతుకుని నిలబడే మనిషికి వంగని మోకాలితో ఏం పని? ఆ సంగతి ఎవరూ చెప్పకుండానే తమ్ముడికి అర్థమైంది. గోడ వైపు తిరిగి పడుకున్నాడు. అటు తిరిగే అడిగాడు.

"పొద్దున నీ గుండు ఏం చెప్పిందక్కా?"

"లోతుందనే చెప్పింది. సాయంత్రానికి లేదు."

"అంటే ఇసుకకి కాళ్లొచ్చాయన్నమాట. నాకే పోయాయి."

ఆమె నవ్వలేదు. "ఆ ఇసుక ఎక్కణ్ణుంచి నడిచొచ్చిందో కనిపెడతాను రా," అంది.

"కనిపెట్టి?"

"రానివ్వకుండా చేస్తాను."

తమ్ముడు మందు మత్తులో మాట్లాడుతున్నది తనో అక్కో తెలియనట్టు చూసి కళ్లు మూసుకున్నాడు.

నిజానికి కనిపెట్టడానికి ఏమీ లేదనే ఆమె అనుకుంది. ఇసుక ఎక్కణ్ణుంచి వస్తోందో ఆమెకు ముందే తెలుసు. ఏటికి ఎగువన, పైఊళ్లో ఇటుక బట్టీలున్నాయి. వాళ్లు గట్లు తవ్వేస్తున్నారు. వాన పడితే ఏరు పాలు పోసిన టీలా కిందికి దిగుతుంది. ఆ మట్టంతా వచ్చి మొగలో పడక ఎక్కడికి పోతుంది? రేవులో అందరిదీ ఇదే మాట. ఆ మాట అందరికన్నా గట్టిగా, అందరికన్నా ఎక్కువ కాలంగా చెబుతున్నది ఆమే.

పడవల వాళ్లను కూడగట్టి, ఒక లారీ ఎక్కించి ఆమె పైఊరికి వెళ్లింది. బట్టీ యజమాని పొట్టి మనిషి, నిదానస్తుడు. మోకాళ్ల దాకా ఎర్ర దుమ్ముతో బయటికి వచ్చాడు.

"మీరు మా నోట్లో మట్టి కొడుతున్నారు," అంది లోతక్క.

"మట్టి కొట్టుకుని బతికేవాణ్ణే గానీ, మీ నోళ్ల దాకా విసిరేంత బలం నాకు లేదమ్మా," అన్నాడాయన.

పడవల వాళ్లు ఒంటికాలి మీద లేచారు. మాటా మాటా పెరిగింది. ఎవరో ఇటుక చేతిలోకి తీసుకున్నారు, ఇంకెవరో లాక్కున్నారు. చివరికి బట్టీ యజమాని లోతక్క ఒక్కదాని వైపే చూసి అడిగాడు. "మా మట్టే మీ మొగలో పడుతోందని నీకెలా తెలుసు? దాని మీద నా పేరు రాసుందా?"

తిరుగు ప్రయాణంలో లారీలో అందరూ వాణ్ణి తిట్టుకుంటూ వచ్చారు. లోతక్కకు కూడా మనిషి మీద కోపం ఉంది గానీ, అడిగిన మాటకు జవాబు లేదు. అది ఆమెను ముల్లులా గుచ్చింది.

ఆ రోజుల్లోనే రేవు ఆఫీసుకు కొత్త ఇంజనీరు వచ్చాడు. బట్టతల, దళసరి కళ్లద్దాలు, ఉద్యోగ విరమణకు దగ్గర పడిన వయసు. రేవులో పని చేస్తూ పడవెక్కితే వాంతులయ్యే మనిషి ఆయనొక్కడే. ఆఫీసు ఏటా చేసినట్టే ఆ ఏడూ మొగలో పూడిక తీయించాడు. ఏటా జరిగినట్టే అది మళ్లీ పూడుకుపోయింది. పడవల సంఘం పెద్ద వచ్చి, అలల జోరు తగ్గేలా మొగకు దక్షిణాన సముద్రంలోకి రాతి గోడ కట్టించమని పట్టుబట్టాడు.

లోతక్క నేరుగా ఆయన గదిలోకి వెళ్లింది.

"సార్, ఇసుక మీద పేరు రాయడం ఎలా?"

ఇంజనీరు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఇంకెవరైనా అయితే పిచ్చి ప్రశ్న అనుకునేవాళ్లు. ఆయన కుర్చీ జరిపి కూర్చోమన్నాడు. "పేరు రాయలేం గానీ రంగు వేయొచ్చమ్మా. ఒక చోట ఇసుకకి ఒక రంగు, ఇంకో చోట ఇసుకకి ఇంకో రంగు వేసి వదిలేస్తే, మొగలో ఏ రంగు తేలుతుందో చూడొచ్చు. ఇలా చేశారని చదివాను. నేనెప్పుడూ చేయలేదు. రంగు నీళ్లలో పోకూడదు, రేణువు బరువు మారకూడదు. అదే కష్టం."

"రంగు సంగతి నాకొదిలేయండి," అంది ఆమె. "మా ఇంట్లో మనుషులకే రంగులంటుతాయి."

వెళ్లే ముందు ఆయన ఇంకో మాట చెప్పాడు. ఇసుక వేరు, బురద వేరు, రెండింటినీ ఒకే గాటన కట్టకండి అన్నాడు. మంచినీళ్లలో బురద రోజుల తరబడి తేలుతూనే ఉంటుందనీ, ఉప్పునీళ్లలో పడితే ఆ సన్నటి రేణువులు ఒకదాన్నొకటి పట్టుకుని ఉండలు కట్టి తొందరగా అడుగుకు దిగుతాయనీ చెప్పాడు. లోతక్క నమ్మలేదు. ఇంటికి వెళ్లి రెండు పెద్ద గాజు సీసాలు కడిగి, రెండింటిలోనూ బురద కలిసిన ఏటి నీళ్లు నింపి, ఒకదానిలో గుప్పెళ్లతో ఉప్పు పోసి కలిపింది.

"అమ్మాయ్, ఉప్పంతా బురదలో పోస్తున్నావేంటి?" అని అత్తగారు అరిచింది.

"చూడాలి అత్తయ్యా."

"బురదకి ఉప్పు సరిపోయిందో లేదో రుచి కూడా చూస్తావా?"

కానీ ఆవిడే ముందుగా చూసింది. మధ్యాహ్నానికి ఉప్పు వేసిన సీసాలో నీళ్లు తేరుకుని అడుగున మెత్తటి బురద పేరుకుంది. రెండో సీసా ఇంకా టీ రంగులోనే ఉంది. అత్తగారు రెండు సీసాలనూ కిటికీ వెలుతురుకు ఎత్తి చూసి, కోడల్ని పిలిచి, "ఇదేదో మంత్రంలా ఉందే," అంది. ఆ రోజు నుంచి ఆవిడ కోడలి పనిని వెక్కిరించడం మానలేదు గానీ, ఇంటికొచ్చిన ప్రతివాళ్లకూ ఆ సీసాలు చూపించేది.

రంగు వేయడం మాత్రం సీసాలంత సులువు కాలేదు. బట్టకు వేసే రంగు ఇసుకకు పట్టలేదు. కాగులో ఎంత మరిగించినా, రెండుసార్లు కడిగేసరికి ఇసుక మళ్లీ ఇసుక రంగులోకి వచ్చేసింది. భర్త తల పట్టుకున్నాడు. "గుడ్డైతే తాగుతుంది. ఇది రాయి. రాయి ఏం తాగుతుంది?" అన్నాడు. తర్వాత జిగురు కలిపారు. రంగు నిలిచింది గానీ ఇసుకంతా ఇటుకలా గడ్డకట్టింది. అది చూసి తమ్ముడు, "బట్టీ వాడికి పోటీగా దుకాణం పెట్టారా బావా?" అన్నాడు. ఊతకర్రల మీద కుంటుకుంటూ వచ్చి షెడ్డులో స్టూలు మీద కూర్చోవడం అప్పటికి వాడికి అలవాటైంది. ఇంట్లో ఉంటే గోడలు మీద పడుతున్నట్టుంటుందట.

ఆ గడ్డల్ని చిదపడం వాడే మొదలుపెట్టాడు. చేతులకు పనిలేక మొదలుపెట్టాడు గానీ, దానితోనే దారి దొరికింది. జిగురును బాగా పలచన చేసి, ఇసుకను నేల మీద వేసిన పరదా పట్టా మీద పలచగా పరిచి, ఆరుతున్నంతసేపూ చేత్తో కలుపుతూనే ఉంటే రేణువులు అంటుకోవు. ఆరాక జల్లెడ పట్టాలి. తమ్ముడు పరదా పక్కన వంగని కాలు చాపుకుని కూర్చుని రోజంతా కలిపేవాడు. బావామరుదులిద్దరి చేతులూ ఎర్రగా, తర్వాత నీలంగా తయారయ్యాయి. ఇంజనీరు వచ్చి గాజు గ్లాసులో మామూలు ఇసుకనూ రంగు ఇసుకనూ పక్కపక్కనే నీళ్లలో వదిలి, రెండూ ఒకేలా మునుగుతున్నాయో లేదో చూసి తలూపాడు.

ఎర్ర ఇసుకను ఏటి పైన పాత వంతెన కింద వదిలారు. అది ఏటి ఇసుకే. నీలి ఇసుకను మొగకు దక్షిణాన, అలలు విరిగే చోట వదిలారు. అది అక్కడి ఒడ్డు ఇసుకే. అక్కడి నుంచి లోతక్క పని మొదలైంది.

ప్రతి ఉదయం పడవలు వెళ్లిపోయాక ఆమె మొగలో అటూ ఇటూ తిరుగుతూ గుండు వేసేది. లాగిన ప్రతిసారీ గ్రీజును కత్తితో గీరి తీసి, తెల్ల కాగితం మీద పూసి, భూతద్దం పెట్టి చూసేది. ఏమీ ఉండేది కాదు. మళ్లీ వేసేది. ఎండకు మెడ కమిలిపోయింది, తాడుకు అరచేతులు కోసుకుపోయాయి. పక్క నుంచి పోయే పడవల వాళ్లు "ఏమక్కా, బంగారం పడిందా?" అనేవాళ్లు. "పడితే నీకు చెప్తానా?" అనేది తలెత్తకుండా. నెల తిరిగింది. వాళ్లు అడగడం కూడా మానేశారు. ఇంట్లో భర్త ఒకసారి మెల్లగా, "పోనీ కొన్నాళ్లు ఆపి చూద్దామా?" అన్నాడు. ఆమె అరచేతులకు నూనె రాసుకుంటూ, "ఆపితే అప్పుడే వచ్చి పోతుందండీ," అంది. ఆయన నూనె సీసా మూత పెట్టాడు.

గాలి తిరిగి దక్షిణం నుంచి వీచింది. అలలు ఒడ్డుకు ఏటవాలుగా వచ్చి తగలడం మొదలైంది. అలా వచ్చే అల ఇసుకను ఏటవాలుగా పైకి మోసుకొస్తుంది, తిరిగి పోయేటప్పుడు తిన్నగా కిందికి లాగుతుంది. మళ్లీ ఏటవాలుగా పైకి. ఇసుక రేణువు అలా వంకరటింకరగా అడుగులేస్తూ ఒడ్డు వెంట ఉత్తరానికి నడుస్తుంది. ఇంజనీరు ఒడ్డున నిలబడి కర్రతో గీసి చూపిస్తే లోతక్క అర్థం చేసుకుంది గానీ మనసులో మాత్రం ఎర్ర రంగు కోసమే ఎదురుచూస్తోంది.

ఒక పొద్దున గ్రీజులో నీలం మెరిసింది.

ఆమె కాగితాన్ని ఎండకు తిప్పి చూసింది. గుండు మళ్లీ వేసింది. ఇంకా నీలం. దిబ్బ పొడవునా ఎక్కడ వేసినా నీలి రేణువులు చల్లినట్టు వస్తున్నాయి. ఎర్రది ఒక్కటంటే ఒక్కటి లేదు. సంతోషించాల్సిన సమయం అది. కనిపెడతానన్నది కనిపెట్టింది. కానీ ఇన్నేళ్లుగా ఎవరిని తిట్టిందో, ఎవరి మీదికి లారీ నిండా జనాన్ని తీసుకెళ్లిందో ఆ మనిషి మొహం కళ్ల ముందు నిలబడింది.

అప్పటికీ పట్టు వదల్లేదు. పడవను ఏట్లోకి తిప్పి పైకి వెళ్లింది. వంతెన నుంచి కిందికి, ఏరు వంపు తిరిగి వెడల్పయ్యే చోట, ప్రవాహం నెమ్మదించే చోట, గుండు వేసింది. ఎర్ర ఇసుకంతా అక్కడే కూర్చుని ఉంది. బరువైన రేణువులను అంతకన్నా ముందుకు మోసే సత్తువ ఆ ఏటికి లేదు. అక్కడి నుంచి కిందికి పోయేది సన్నటి బురదే. అది రేవు లోపల పడవలు కట్టే చోట, ఉప్పునీళ్లు కలిసే నిలకడ నీళ్లలో దిగుతోంది. రేవులోని బురద ఏటిది. మొగలోని ఇసుక సముద్రానిది.

సంఘం సమావేశం వలల గోదాములో జరిగింది. కూర్చోవడానికి చోటు లేక జనం వలల కుప్పల మీద ఎక్కి కూర్చున్నారు. లోతక్క లేచి నిలబడింది.

"ఇన్నాళ్లూ నేను చెప్పింది తప్పు," అంది. "ఇసుక ఏట్లోంచి రావట్లేదు. దక్షిణపు ఒడ్డు నుంచి వస్తోంది. మిమ్మల్ని బట్టీ దగ్గరికి తీసుకెళ్లి గొడవ పెట్టించింది నేనే. అదీ తప్పే."

గోదాము గొడవ గొడవైంది. "నువ్వే కదా చెప్పావు?" అన్నాడొకడు. "నేనే చెప్పాను. ఇప్పుడూ నేనే చెబుతున్నాను," అంది. నీలి రేణువులున్న కాగితాలు చేతి నుంచి చేతికి వెళ్లాయి.

సంఘం పెద్ద వాటిని చూసి తొడ చరిచాడు. "దక్షిణం నుంచి వస్తోందంటే ఇంకేం అమ్మాయ్, నేను చెప్పిన గోడ కట్టేస్తే సరి. ఇసుక అక్కడే ఆగిపోతుంది."

"ఆగుతుంది పెద్దయ్యా. ఆగితే ఉత్తరపు ఒడ్డుకి ఏం పోతుంది?"

ఇంజనీరు లేచి, మరో రేవులో తాను చూసింది చెప్పాడు. అక్కడ గోడ కట్టాక దక్షిణాన ఒడ్డు మైదానంలా పెరిగిందనీ, ఉత్తరాన రెండు వీధుల ఇళ్లు సముద్రంలోకి పోయాయనీ, ఆ గోడకు ప్లాను గీసిన వాళ్లలో తానూ ఒకడిననీ చెప్పాడు. చెప్పేటప్పుడు ఆయన ఎవరి మొహమూ చూడలేదు. ఉత్తరపు ఒడ్డున వలలు అల్లే వాళ్ల వీధి ఉంది. ఆ వీధివాళ్లు గోదాములో వెనక వరసలో ఉన్నారు. ఇప్పటికే సముద్రం వాళ్ల చివరి ఇళ్ల గుమ్మాల దాకా వచ్చింది.

"మరేం చేద్దామంటావు?" అన్నాడు పెద్ద.

"ఇసుకకి ఉత్తరానికి పోవాలనుంది. పోనిద్దాం. మొగలో ఆగకుండా పోనిద్దాం. దక్షిణాన పంపు పెట్టి నీళ్లతో సహా ఇసుకని లాగి, మొగ కింద నుంచి గొట్టం వేసి, ఉత్తరపు ఒడ్డున పోద్దాం."

"గోడ అయితే ఒకసారి కట్టి ఊరుకుంటాం. పంపు ఎన్నాళ్లు తిప్పాలి?"

"సముద్రం ఆపేదాకా."

కొందరు నవ్వారు. ఎక్కువమంది గోడ వైపే మొగ్గేలా ఉన్నారు. అప్పుడు తమ్ముడు ఊతకర్ర నేలకు కొట్టి లేచాడు. "ఆ దిబ్బ మీద కాలు పోగొట్టుకున్నవాణ్ణి నేను. గోడ మీద అందరికన్నా ఆశ నాకుండాలి. కానీ నా కాలికి బదులు వాళ్ల ఇళ్లు ఇమ్మని నేనడగను. మీరూ అడగొద్దు," అన్నాడు. అక్క ఆశ్చర్యంగా వాడి వైపు చూసింది. అంతకు ముందు వాడు ఆమెను సమర్థిస్తూ నలుగురిలో ఒక్క మాట అని ఎరగడు. చేతులెత్తమన్నప్పుడు గోడ ఓడింది, కొద్ది తేడాతో.

మర్నాడు లోతక్క ఒంటరిగా పైఊరికి బస్సెక్కింది. బట్టీ యజమాని ఆమెను చూసి చుట్టూ పరికించాడు, లారీ ఎక్కడుందా అని.

"నేనొక్కదాన్నే వచ్చాను," అంది. "మీ ఇసుక కాదు. పొరపాటు నాది. క్షమించండి."

ఆయన టీ తెప్పించాడు. తాగి గ్లాసు కింద పెడుతూ అడిగాడు. "అయితే మా వల్ల మీకేమీ ఇబ్బంది లేదన్నమాటేగా?"

"ఇసుకతో లేదు. రేవులో బురద మాత్రం మీదే. దాని గురించి పోట్లాటకి మళ్లీ వస్తాను."

"రా అమ్మా. ముందు చెప్పి రా, టీ పెట్టించి ఉంచుతా."

ఆ పోట్లాట తర్వాత నిజంగానే జరిగింది. బట్టీల వాళ్లు గట్ల వెంట గడ్డి నాటడానికీ, వాన నీళ్లు ఏట్లో కలిసే ముందు నిలవడానికి గుంటలు తవ్వడానికీ ఒప్పుకున్నారు. కానీ అందులో సగమే చేశారు. మిగతా సగానికి లోతక్క ఇంకా తిరుగుతూనే ఉంది.

పంపు రావడానికి ఆఫీసుల చుట్టూ కాళ్లరిగేలా తిరగాల్సి వచ్చింది. ఇంజనీరు తన ఉద్యోగ విరమణను కూడా దాని కోసం కొన్నాళ్లు వాయిదా వేయించుకున్నాడు. తీరా వచ్చాక మొదటి వారంలోనే గొట్టం పూడుకుపోయింది. విప్పి, కర్రలతో పొడిచి, ఇసుకంతా తీసి మళ్లీ బిగించారు. మళ్లీ పూడింది. "మొగ పూడకుండా గొట్టం తెచ్చాం, ఇప్పుడు గొట్టం పూడకుండా ఏం తెద్దాం?" అని సంఘం పెద్ద నలుగురి ముందూ అన్నాడు. లోతక్క మోకాళ్ల దాకా తడి ఇసుకలో కూర్చుని బోల్టులు విప్పుతోంది.

దాని కిటుకు పట్టుకున్నది తమ్ముడు. పంపు గదిలో కూర్చుని గొట్టానికి చెవి ఆనించి వినేవాడు. నీళ్లు జోరుగా పోతున్నప్పుడు ఇసుక లోపల గలగలమంటూ పోతుంది. పంపు ఆపే ముందు వేగం తగ్గేకొద్దీ ఆ చప్పుడు బరువెక్కి, ఈడుస్తున్నట్టు మారి, ఆగిపోతుంది. ఇసుక గొట్టం అడుగున కూర్చునేది అప్పుడే.

"అక్కా, దీన్ని ఉన్నపళంగా ఆపకూడదు," అన్నాడు. "ఆపే ముందు ఇసుక లాగడం మానేసి ఉత్త నీళ్లు తోలాలి. గొట్టం కడుక్కున్నాక ఆపాలి."

"నీకెలా తెలిసింది?"

"ఇంజను చప్పుడు వినే కదా ఇన్నాళ్లూ సముద్రం మీద బతికాను. దీనికి చేపలు లేవు, అంతే తేడా."

అలాగే చేశారు. గొట్టం మళ్లీ పూడలేదు. పంపు నడిపే ఉద్యోగం వాడికే ఇచ్చారు. కూర్చుని చేసే పని, కానీ చెవితో చేసే పని. వాడు పంపు గదికి గొళ్లెం పెట్టుకుని ఇంకెవర్నీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. అక్కను కూడా తలుపు తట్టి రమ్మనేవాడు.

అన్నీ అనుకున్నట్టు జరగలేదు. పంపు మొదలవక ముందే, గొట్టం ఇంకా వేస్తున్న రోజుల్లో వచ్చిన పెద్ద తుఫాను వలల వాళ్ల వీధిలో చివరి ఇళ్లను తీసుకుపోయింది. ఆ కుటుంబాలు వెనక్కి జరిగి వేరే చోట ఇళ్లు కట్టుకున్నాయి. ఇంకొక ఏడాది ముందు మొదలుపెట్టి ఉంటే అవి నిలిచేవని లోతక్కకు తెలుసు. ఆ ఏడాది తాను బట్టీ వాళ్ల మీద అరవడంలోనే గడిపింది. ఆ సంగతి ఎవరితోనూ అనేది కాదు. భర్తతో ఒక్కసారి అంది. ఆయన పని ఆపి, "అరవకపోతే ఆ బట్టీ వాడు నీకెలా తెలుసని నిన్ను అడిగేవాడు కాదు, అడగకపోతే నువ్వు వెతికేదానివి కాదు," అన్నాడు. అది ఓదార్పో, నిజమో ఆమె తేల్చుకోలేకపోయింది. మర్నాడు తెల్లారగానే మాత్రం ఉత్తరపు ఒడ్డుకు వెళ్లి, కొట్టుకుపోయిన గొట్టం ముక్కలను కూలీలతో పాటు నీళ్లలోంచి లాగింది.

తర్వాతి రెండు మూడేళ్లలో ఉత్తరపు ఒడ్డు కొంచెం కొంచెంగా వెడల్పయింది. మొదట అలల ముందు పలచటి ఇసుక పట్టీ కనిపించింది. తర్వాత దాని మీద మనుషులు నడవగలిగారు. తర్వాత వలల వాళ్లు కర్రలు పాతి వలలు ఆరేశారు. మొగలో దిబ్బ పూర్తిగా మాయం కాలేదు, గాలి మారినప్పుడు ఇంకా లేస్తూనే ఉంది. కానీ పడవ అడుగు తగిలేంతగా లేవలేదు. పూడిక తీసే యంత్రం ఏటా కాకుండా ఎప్పుడో ఒకసారి వస్తే సరిపోతోంది. ఇంజనీరు ఉద్యోగం ముగిసి వెళ్లే రోజున లోతక్క ఆయన్ను పడవ మీద మొగ దాటించి తీసుకెళ్లింది. ఆయన అంచు పట్టుకుని వాంతి చేసుకుంటూనే, ఉత్తరపు ఒడ్డు ఒకసారి చూపించమని అడిగాడు. చూసి, కళ్లు తుడుచుకుని, ఉప్పునీళ్లు పడ్డాయన్నాడు.

ఈ మధ్య ఒడ్డు వెంట బాగా దూరంగా ఉన్న ఇంకో రేవు నుంచి ఇద్దరు మనుషులు ఆమెను వెతుక్కుంటూ వచ్చారు. వాళ్ల మొగ కూడా పూడుకుపోతోందట. అది పక్కనున్న రాళ్ల క్వారీ పనేనని వాళ్ల గట్టి నమ్మకం. వచ్చి ఆ మాట నలుగురిలో చెప్పి పోవాలని అడిగారు.

"క్వారీ పనో కాదో నాకు తెలియదు," అంది లోతక్క, తాడు చుట్టుకుంటూ. "అవునని చెప్పడానికైతే రాను. చూడటానికి వస్తాను. కొన్ని నెలలు పడుతుంది, మీరు నాతో పాటు నీళ్లలో దిగాలి. మీకిష్టం లేని జవాబు రావొచ్చు."

వాళ్లలో పెద్దవాడు తలూపాడు. ఆమె ఇంట్లోకి వెళ్లి, భర్తకు ఏ రంగులు కావాలో చెప్పి, తన గుండు సంచీలో పెట్టుకుంది.

"మీ దగ్గర గాలి ఎటు నుంచి వస్తుంది?" అని అడుగుతూ వాళ్లతో పాటు బస్టాండు వైపు నడిచింది.